నల్ల దొన్నె, పచ్చ దొన్నె

ఖమీస్ ముషైత్,
బుధవారం మధ్యాహ్నం.

షబానాకు,

సలాం. నువ్వూ, మీ అమ్మా, మా అమ్మా, ఖాజా అందరూ బాగున్నారని నీ జాబులో చదివి సంతోషించాను. ఇక్కడ నేనూ మీ నాయనా ఇద్దరం కూడా క్షేమం అని రాయడం పద్ధతి. రాశాను కూడా. రాసి, ఆ కాగితం చించేసి ఇంకోటి తీసుకున్నాను. నేను క్షేమమే. మామ సంగతి ఒక్క మాటలో రాసేది కాదు. నిదానంగా రాస్తాను, నువ్వూ నిదానంగా చదువు.

పెళ్ళయిన కొత్తలో నువ్వు నాకొక షరతు పెట్టావు. "గొడవ సంగతులు ఫోన్లో వద్దు బావా. నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తా, సంగతి మాత్రం యాడుండేది ఆడ్నే ఉంటాది. కాగితం మీద రాయి" అన్నావు. ఆ షరతు ప్రకారమే రాస్తున్నాను. మా రూములోని పీరయ్య శుక్రవారం సెలవు మీద ఊరికి వస్తున్నాడు. ఈ జాబు అతని చేతికిచ్చి పంపుతున్నాను. నీ చేతికి తప్ప ఖాజాకి కూడా ఇవ్వొద్దని చెప్పాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. ఎండలు ఎట్లున్నాయని అడిగావు. సౌదీ అంటే ఇసుకా ఎండా అనే అనుకుంటారు మన ఊళ్ళో. ఖమీస్ కొండల మీది ఊరు. ఈ నెలలో పొద్దున లేస్తే ఎదుటి మిద్దె కనపడనంత మంచు. నువ్వు అల్లి పంపిన స్వెట్టరు మామ ఒంటి మీంచి తీయడం లేదు. ఇక్కడి కోతులు మన రాయచోటి కోతులకంటే దొడ్డవి, కుక్క మూతివి. మొన్న ఒకటి ఇష్తియాక్ చేతిలోని రొట్టె లాక్కుని, గోడెక్కి కూర్చుని, వాడినే చూస్తూ తినింది. ఇష్తియాక్ అంటే మా షాపులో తుపాకుల కట్టె పని చేసే పాకిస్తానీ అని ఇదివరకు రాశాను కదా. "దీనికి అకామా లేదు, కఫీల్ లేడు. దీని దర్జా చూడు" అన్నాడు వాడు. ఇక్కడ ఉండే కాగితం లేదు, పూచీ పడే యజమాని లేడు అని. ఆ రోజు మామ కూడా నవ్వాడు. నవ్వాడని రాయగలిగే రోజులు ఈ నెలలో అదొక్కటే.

నువ్వు పంపిన చెనక్కాయల ఊరిబిండి వారంలో అయిపోయింది. రాగిపిండి ఇంకా ఉంది. సంగటి నేనే గెలుకుతున్నాను, ఉండలు కడుతోంది. మామ ఏమీ అనకుండా తింటాడు.

"ఇంకా ఎవరితోనైనా కొట్లాడినావా, కొత్తగా ఏం పుస్తకాలు చదివినావు" అని అడిగావు. కొట్లాడాను. చదివాను. కడప బస్టాండు దగ్గర కొనుక్కొచ్చిన ఆ సన్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు అయిపోయాయి. శుక్రవారాలు రూములో వాళ్ళను కూర్చోబెట్టి చదివి వినిపించేవాణ్ణి: పనివాడి హక్కులు, తాయెత్తులూ దిష్టి నిమ్మకాయలూ ఎట్లా జనాన్ని మోసం చేస్తాయి, నిజం చెప్పడానికి జంకేవాడు ఎందుకు బానిసగా మిగులుతాడు. ఆఖరి దాని కింద నేను ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. పీరయ్య వింటూ వింటూ నిద్రపోయేవాడు. లేపి మరీ చెప్పేవాణ్ణి. ఇష్తియాక్ నాకు లీడర్ సాబ్ అని పేరు పెట్టాడు. ఈ నెలలో పుస్తకాల పెట్టె మూత తీయలేదు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఇక నీ అసలు ప్రశ్న. "వీడియోలో నాయన ఎడం చెయ్యి ఎందుకు చూపించడు? దుప్పట్లోనే పెట్టుకుంటాడు ఎందుకు?" కొంచెం కాలిందని మీకు చెప్పాం. అది అబద్ధం. ఎడం చేతి చివరి రెండు వేళ్ళు లేవు షబానా. మూడో వేలు ఉంది గానీ ముడవడం లేదు. ఎడమ చెవి కూడా సరిగా వినపడదు. మీ అమ్మకు ఇది నువ్వే చెప్పాలి. మామ బతుక్కు భయం లేదు, అది మాత్రం ఒట్టు.

నీ జాబులో ఇంకో మాట రాశావు. "నువ్వు పక్కనుండబట్టే నాయన బతికినాడు బావా. ఇన్నాళ్ళు నీ కోపం చూసి భయపడితి. ఇప్పుడు గర్వంగా ఉంది" అని. ఆ జాబు ఊరి నుంచి తిరిగొచ్చిన మస్తాన్ వలీ తెచ్చి ఇచ్చినప్పుడు షాపులోనే విప్పాను. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ఇష్తియాక్ నా ముఖం చూసి "ఘర్ మే సబ్ ఖైరియత్?" అన్నాడు, ఇంట్లో అంతా క్షేమమేనా అని. తల ఊపాను.

ఆ మాట నీ చేత రాయించుకున్న వాడు ఏం చేశాడో ఇప్పుడు రాస్తాను.

మన ఊళ్ళో పంట కాపలా తుపాకి నువ్వు చూశావు. మీ అబ్బకు, మామ వాళ్ళ నాయనకు, లైసెన్సు ఉండేది, ఎలక్షన్లు వస్తే స్టేషన్లో అప్పగించి వచ్చేవాడు. గొట్టం మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కూరి, గుండు వేసి, మళ్ళీ పీచు కూరి, కడ్డీతో దట్టించేవాడు. చెనక్కాయ చేలో పందుల మీదికి అది ఒక్కసారి పేలితే ఊరంతా వినపడేది. "ఎంత బిగిస్తే అంత దెబ్బ" అనేవాడు. ఆ మాట నేను చిన్నప్పుడు విన్నది, నాలోపల అట్లే ఉండిపోయింది.

మా షాపు పని కూడా అదే జాతి తుపాకులది. ఇక్కడి పెళ్ళిళ్ళలో ఆటకు పట్టుకునే పాత పొడుగు తుపాకులు బాగుచేస్తాం, వాటిలో ఉత్త మందే, గుండు ఉండదు. అయితే పోయిన ఏడు మా ముదీర్, అంటే షాపు నడిపే అబూ నాసిర్, కాగితాలన్నీ సరిచేయించుకుని, బయటి దేశం నుంచి రెండు కొత్త రైఫిళ్ళు తెప్పించాడు. అవీ మూతిలోంచి నింపేవే. ఊరి బయట వాదీలో, ఎండిపోయిన వాగులో, ఆయనకు గురి చూసే మైదానం ఉంది. పర్మిట్ ఉన్న షోకీను జనం వచ్చి అట్ట మీద గురి కాల్చిపోతారు. ఆ రైఫిళ్ళకు ఏ గుండు నప్పుతుందో తేల్చే పని మామది. మామకు సాయం నేను.

ఈ కొత్త రైఫిలు గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు, సన్న చాళ్ళు, ఉంటాయి. గుండు గొట్టం కంటే సన్నం. అందుకని గుండును ఒక చిన్న ప్లాస్టిక్ గిన్నెలో కూర్చోబెట్టి దించాలి. గిన్నెకు నాలుగు రెక్కలు. పేలినప్పుడు ఆ రెక్కలు గాళ్ళను పట్టుకుని గుండును తిప్పుతాయి, బయటికి రాగానే విచ్చుకుని రాలిపోతాయి, గుండు ఒక్కటే ముందుకు పోతుంది. పెట్టె మీద దాని పేరు సాబో. మామ ఏనాడూ ఆ పేరు పలకలేదు. దొన్నె అంటాడు. "గుండు బువ్వ, ఇది దొన్నె. బువ్వకు తగిన దొన్నె కావల్ల, దొన్నెకు తగిన ఇస్తరి కావల్ల" అంటాడు. ఇస్తరి అంటే మామ లెక్కలో గొట్టం.

దొన్నెలు రెండు రంగులు. నల్ల దొన్నె గోడ పలచన, లావు గుండుకు. పచ్చ దొన్నె గోడ మందం, సన్న గుండుకు. మామకు చదువు లేదు, పెట్టె మీది అంకెలు చదవలేడు. వేళ్ళతో చూస్తాడు. గుండును దొన్నెలో పెట్టి, గొట్టం మూతిలో బొటనవేలితో అదుముతాడు. వేలికి ఎదురు తిరగాలి, అట్లని మొరాయించకూడదు. తర్వాత కడ్డీతో ఒక్క తీరుగా, నూతిలోకి చేద దించినట్టు దించాలి. సుత్తి అవసరం పడితే అది తప్పు దొన్నె. ఇరవై రెండేళ్ళ చేయి అది.

ఆ వారం మేము నల్ల దొన్నెలూ లావు గుండ్లూ పరీక్ష చేస్తున్నాం. మొదటి రెండు గుండ్లు అట్ట నడుమన పడ్డాయి. తర్వాతివి పళ్ళెమంత వెడల్పున చెదిరిపోయాయి. నేను పెట్టెలోని కాగితం చదివి ఉన్నాను. సగం చదివాను, మిగతా సగం నాకు తెలుసనుకున్నాను. ఆవిరి పక్కల నుంచి తప్పించుకుంటే గుండు బలం పోతుందని అందులో ఉంది.

"మామా, దొన్నె వదులైంది. పచ్చది పెడదాం. గోడ మందం, బిగువుగా పట్టుకుంటాది" అన్నాను.

"వదులు కాదురా. గొట్టంలో మసి చేరింది. గుండు గుండుకూ తడిగుడ్డ తోయమంటే నువ్వు రెండిటికోసారి తోస్తాండావు."

"కాగితంలో రాసినారు మామా."

"కాగితంలో మసి సంగతి ల్యాదా?"

ఉంది. రెండో పుటలో ఉంది. అప్పటికి నేను చూడలేదు.

"నీది చేతి లెక్క మామా. చేతి లెక్కతో ఎన్నాళ్ళు? లోకం ముందుకు పోయింది. చదువు లేకపోతే ఇట్లే, ఎవడో నేర్పిందాన్నే పట్టుకుని ఏలాడతాం" అన్నాను. ఇష్తియాక్ ముందర అన్నాను. వాడికి తెలుగు రాదు, నా గొంతు మాత్రం అర్థమైంది.

మామ రంపం పొట్టు దులుపుకుంటూ లేచాడు. "రేయ్ దస్తూ, నువ్వు చదివిండేది మంచిదే. చదివినోడు ఇంకా కొంచెం నిదానంగా ఉంటాడనుకుంటి" అని నమాజుకు పోయాడు. అంతే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. తిట్టి ఉంటే ఇంత మండేది కాదేమో.

మరుసటి రోజు మైదానానికి పెద్దమనుషులు వస్తున్నారని ముదీర్ చెప్పాడు. గుండ్లూ దొన్నెలూ సంచిలో సర్దే పని నాది. నేను లావు గుండ్లను పచ్చ దొన్నెల్లో కూర్చి పెట్టాను. మామకు చెప్పలేదు. నా లెక్క నిలిస్తే అప్పుడు చెప్పి, నలుగురి ముందర గెలవాలనుకున్నాను. షబానా, ఇదొక తప్పు. ఇక్కడితో ఆపితే నువ్వు నన్ను తిట్టి, మూన్నెల్లకు మరిచిపోగలవు. తెలియక చేసినాడు అంటావు. ఇరవై మూడు రోజులు నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను. నీకు కూడా ఇంతే రాసి ముగిద్దామని మొన్న ఒక జాబు మొదలుపెట్టాను.

ఆపలేదు. ఇంకోటి ఉంది.

మామ దట్టించే కడ్డీకి ఒక నల్ల దారం కట్టి ఉండేది. ఊరి ఉరుసులో దర్గా దగ్గర అమ్మే దారం, మన పిల్లోళ్ళ మొలకు కట్టేది. పోయినసారి ఊరికొచ్చినప్పుడు తెచ్చుకున్నాడు. మామ నమాజుకు పోయిన ఆ పూట, కోపంతో కుతకుతలాడుతూ సంచి సర్దుతుంటే నా కంటికి ఆ దారం పడింది. "తుపాకి కడ్డీకి కూడా తాయెత్తా!" అని చాకు తీసి కోసి పారేశాను. ఆ క్షణాన నాకు ఎంత గర్వమనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది. నా పుస్తకాలన్నీ నా వెనక నిలబడి చప్పట్లు కొట్టినట్టనిపించింది.

ఇష్తియాక్ చూశాడు. చేతిలో ఉలి కింద పెట్టేశాడు. "యే క్యా కియా, లీడర్ సాబ్? వో తావీజ్ నహీ, నిశాన్ హై" అన్నాడు.

తాయెత్తు కాదు, గుర్తు అది. గొట్టంలో మందు పోసి గుండు దించినప్పుడు, కడ్డీ మీద దారం సరిగ్గా మూతి అంచుకు వచ్చిందంటే గుండు మందు మీద కూర్చున్నట్టు. దారం మూతికి పైన మిగిలిందంటే గుండు దారిలో ఎక్కడో నిలిచిపోయినట్టు. అట్లా నిలిచిపోయిన గుండుతో పేలిస్తే గొట్టమే పగలొచ్చు. ఈ సంగతి మామ నాకు మొదటి నెలలోనే చెప్పాడట. చెప్పే ఉంటాడు. నేను వినే రకం కాదు. మామ చేతిలో ఉన్నది ఆ నల్ల దారమే కాబట్టి అది కట్టాడు, ఎర్రది ఉంటే ఎర్రది కట్టేవాడు.

"అబ్ బోల్ దేనా ఉస్తాద్ కో" అన్నాడు ఇష్తియాక్. మామకు చెప్పెయ్ అని. చెప్తానన్నాను. మామ వచ్చేసరికి చెప్పడానికి నోరు రాలేదు. అప్పుడే అంత మాట అని, అంతలోనే "మామా, నీ గుర్తు కోసేసినాను" అని చేతులు కట్టుకుని నిలబడాలి. దాని బదులు చెత్తడబ్బాలోంచి దారం ఏరుకుని, కడ్డీ మీద మసి మరక ఎక్కడుందో చూసి, ఉజ్జాయింపుగా కట్టేశాను. రెండు వేళ్ళ ఎడం కిందికి పడింది. ఇది నాకు తర్వాత తెలిసింది.

అంటే బిగువు దొన్నె నాదే, దొంగ గుర్తూ నాదే. ఒకటి తప్పు, రెండోది మోసం.

మైదానంలో ఏం జరిగిందో పొడుగ్గా రాయను. మామకు ఒక నియమం ఉంది: మొదటి గుండు తనే కాల్చాలి. తను ఎంచిన దాన్ని తను పరీక్షించకుండా ఇంకొకరి చేతికి ఇవ్వడు. కడ్డీ తోస్తుంటే మొరాయించింది. నా వైపు చూశాడు.

"ఏం దొన్నె పెట్టినావురా?"

"నువ్వు చెప్పిందే మామా" అన్నాను.

ఆ మూడు మాటలు. పెద్దమనుషులు ఎండలో నిలబడి ఉన్నారు, ముదీర్ గడియారం చూసుకుంటున్నాడు. మామ రెండు చేతులా బలంగా తోశాడు. దారం మూతి అంచుకు వచ్చింది. ఆగాడు. దారాన్ని నమ్మాడు. నన్ను నమ్మాడు.

గొట్టం పగిలినప్పుడు ఎడం చేయి దాని కింద ఉంది.

నేను మామను భుజాన వేసుకుని కారు దాకా పరిగెత్తిన మాట నిజమే. ఆసుపత్రిలో రక్తం ఇచ్చిన మాటా నిజమే. మీకు ఫోన్లో చెప్పింది ఆ రెండు నిజాలే. ఎంత నిజం చెప్పాలో కొలిచి చెప్పడం నాకు ఇంత బాగా వచ్చునని నాకే తెలియదు.

రెండో రోజు మామకు తెలివి పూర్తిగా వచ్చింది. కట్టు కట్టిన చేయి గుండె మీద పెట్టుకుని, గోడ వైపు చూస్తూ అన్నాడు: "ఆ దారం ముడి నాది కాదురా. తుపాకి కుడి భుజానికి ఆనించినా నాది ఎడం చేతి వాటం. నా ముడి అట్ల పడదు."

నేను మంచం మీది దుప్పటి సరిచేశాను. మామ కళ్ళు మూసుకున్నాడు. ఆ సాయంత్రం ముదీర్ చూడటానికి వచ్చి ఎట్లా జరిగిందని అడిగితే, మామ అరబ్బీలో నిదానంగా చెప్పాడు: "నాకు చూపు తగ్గింది. గుర్తు సరిగా చూసుకోలేదు. తప్పు నాది." నేను అక్కడే ఉన్నాను. నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను. నిజం చెప్పడానికి జంకేవాడు బానిస అని ఎర్ర గీత గీసినవాణ్ణి, మంచం కాళ్ళ దగ్గర సీసా మూత తిప్పుతూ నిలబడ్డాను.

మామ చూపుకు ఏ లోపమూ లేదు షబానా. ఖాజా ఊళ్ళో "మా నాయన గుడ్డోడై షేకు తుపాకి పగలగొట్టినాడు" అని నవ్వుతున్నాడని రాశావే, ఆ గుడ్డితనం మామ నా కోసం వేసుకున్న వేషం. ఇరవై రెండేళ్ళ పేరును ఒక్క మాటతో తీసి నా ముందు పెట్టాడు. నేను తీసుకున్నాను.

ఆ తర్వాత అందరూ నన్ను పొగిడారు. అల్లుడంటే ఇట్లుండాలి అన్నారు. పోయిన వారం ముదీర్ పిలిచి, మామను ఖురూజ్ నిహాయి మీద పంపించేస్తున్నాననీ, ఇక తిరిగి రాని ఎగ్జిట్ అదనీ, మామ బల్ల ఇకనుంచి నాదనీ చెప్పాడు. మామ బల్ల మీద నా చేతులు! షాపుకు తిరిగొస్తే ఇష్తియాక్ కట్టె చెక్కుతూ తల ఎత్తకుండా, "లీడర్ సాబ్, ఆజ్ తఖ్రీర్ నహీ?" అన్నాడు. ఉపన్యాసం లేదా ఈ రోజు అని. అంతకుముందు వాడు ఆ మాట అంటే నవ్వేవాణ్ణి. ఈసారి చెక్కపొడి ఎత్తి వాడి ముఖాన కొట్టాను. వాడు తుడుచుకున్నాడు. "మార్ లే. మై తో తేరే బోల్‌నే కా ఇంతెజార్ కర్ రహా హూఁ" అన్నాడు. కొట్టుకో, నువ్వు చెప్పేదాకా నేను చూస్తూనే ఉంటాను అని. వాడు ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది నేనని వాడి లెక్క.

మామ మూడో వేలు ముడవాలంటే ఇంకో ఆపరేషన్ కావాలని డాక్టరు అన్నాడు. షాపులో జరిగిన ప్రమాదమైతే షాపే చేయిస్తుంది. పనివాడి నిర్లక్ష్యమని మామ ఒప్పుకుంటే ఆపరేషన్ లేదు, టికెట్టు మాత్రమే. అట్లా పంపిస్తే మామ ఇంకెప్పటికీ కడ్డీ పట్టలేడు, ఉలి పట్టలేడు. చేతి లెక్క అని నేను ఎగతాళి చేసిన చేయి అది.

నిన్న పొద్దున ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. ముదీర్ దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వు చదువుకున్నవాడివి. మీ మామకు మీ భాషలో చెప్పి వేలిముద్ర వేయించు" అన్నాడు.

మామ తన బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను చదివాను. "నేను, ఖాదర్ మొహిద్దీన్, నా కంటిచూపు లోపాన్ని దాచిపెట్టి పని చేసినందువల్ల..." దాచిపెట్టి అనే మాట దగ్గర ఆగాను. మళ్ళీ మొదలుపెట్టాను. "నా స్వంత నిర్లక్ష్యం వల్ల..."

"చదువు" అన్నాడు మామ. "గట్టిగా చదువు, ఈ చెవిలో వినపడదు."

ఎన్ని శుక్రవారాలు ఎన్ని కాగితాలు గట్టిగా చదివాను! ఈ కాగితం చదవలేకపోయాను. మామ కుడి బొటనవేలు సిరా డబ్బాలో అద్దుకుని నా చేతిలోని కాగితం వైపు చాపాడు. అట్లా చాపిన వేలిని అట్లే ఉంచి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో అడగడం లేదు, తిట్టడం లేదు. వేళ అవుతోంది, అంతే.

కాగితం వెనక్కి లాక్కున్నాను. ముదీర్ గదిలోకి పోయి, వచ్చిన అరబ్బీలో సగం, హిందీలో సగం, దొన్నె నుంచి దారం దాకా చెప్పేశాను. ఇష్తియాక్‌ను పిలిచి అడగమన్నాను. వాడు వచ్చి "అయ్‌వా", అవును, అని ఒక్క మాట చెప్పి నా పక్కన నిలబడ్డాడు.

అబూ నాసిర్ అంతా విన్నాడు. తర్వాత అడిగింది ఒక్కటే: "ఇరవై మూడు రోజులు ఎక్కడికి పోయావు?" నువ్వూ అదే అడుగుతావు. పిరికితనం అని రాస్తే అది కూడా పుస్తకంలో మాటలా ఉంటుంది. నువ్వు గర్వంగా ఉందని రాశావు. ఆ మాట పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. అంతకంటే పెద్ద కారణం వెతికినా దొరకలేదు.

మామకు ఆపరేషన్ వచ్చే నెల. ఎగ్జిట్ ఆగిపోయింది, బల్ల మామదే. ఆపరేషనయ్యాక ఉండాలో రావాలో మామ ఇష్టమట. ఎగ్జిట్ నాకు పడింది. ఇంకో పన్నెండు రోజుల్లో రాయచోటిలో దిగుతాను. అప్పటిదాకా మామకు సంగటి నేనే గెలుకుతాను, తర్వాత మస్తాన్ వలీ రూములో ఉంటాడు, మాట్లాడిపెట్టాను.

సంగతి తెలిసి మామ సంతోషించాడనుకుంటున్నావేమో. లేదు. నేను షాపులోకి తిరిగిరాగానే సిరా వేలితోనే నా చెంప మీద ఒక్కటి వేశాడు. "నా బిడ్డ కాపురం చూసి నోరు మూసుకుంటి గదరా! ఇరవై మూడు దినాలు మింగినోనివి, నేను ఊరికి పోయేదాకా ఇంకా మూడు దినాలు మింగల్యాకపోతివా? ఇప్పుడు దానికి ఏమని చెప్తావు?"

"ఉన్నదున్నట్టు రాస్తా మామా."

"రాయి. రాసి నాకు చదివి వినిపించి పంపు. ఒక్క అక్షరం నీకు అనుకూలంగా రాసినావంటే చూడు."

ఇప్పటిదాకా రాసింది ఇందాక మామకు వినిపించాను, కుడి చెవి వైపు కూర్చుని. రెండు చోట్ల ఆపాడు. మామను మోసుకుని పరిగెత్తానని రాసిన చోట "దానికి ముందు బొమ్మ మాదిరి నిలబడినావు, ఇష్తియాక్ గద్దిస్తే కదిలినావు, అది రాయి" అన్నాడు. రాస్తున్నాను: నిలబడ్డాను, ఇష్తియాక్ గద్దిస్తేనే కదిలాను. ఇంకోచోట, చెంప మీద కొట్టాననేది తీసెయ్యమన్నాడు, బిడ్డ బాధపడుతుందట. అది తీయలేదు.

నాకు నిన్ను అడిగే ముఖం లేదు గానీ ఒకటి అడుగుతున్నాను. ఈ జాబు నువ్వు ఒక్కదానివి చదువుకుని మడిచి పెట్టొద్దు. మీ అమ్మనూ, మా అమ్మనూ కూర్చోబెట్టి, ఖాజాను ఎదురుగా నిలబెట్టి, గట్టిగా చదువు. నా పేరు వచ్చిన చోట గొంతు తగ్గించొద్దు. మామ చూపు సంగతి వచ్చిన చోట ఖాజా ముఖంలోకి చూసి చదువు. మామకు పోయిన వేళ్ళు నేను తెచ్చివ్వలేను. మామ పేరు మాత్రం నేను రాయచోటిలో దిగేలోపే ఇంటికి చేరాలి, నా కంటే ముందు.

నేను బస్సు దిగి మా అమ్మ ఇంటికే పోతాను. మీ గడప తొక్కను. నువ్వు రమ్మంటే వస్తాను. రావద్దంటే ఆ మాట కూడా కాగితం మీదే రాసి పంపు, ఎన్నాళ్ళకైనా సరే. నేను ఫోన్ చేయను, అరవను.

నీ మొగుణ్ణని కింద రాసుకోవాలో వద్దో ఇక నువ్వు చెప్పాలి. పుట్టుకతో వచ్చిన వరస ఒకటుంది, దాన్ని నేను చెడగొట్టలేకపోయాను. అదే రాస్తున్నాను.

ఇట్లు,
మీ మహబూబ్బీ అత్త కొడుకు,
దస్తగిరి